స్టేషన్ పక్కన ఎకరంలో ముప్పై ఇళ్లు: ముందు సందు గీయండి, తర్వాత ఇల్లు

నెల్లూరులో ఎవరైనా ఎకరం స్థలం చేతికొస్తే రెండే ఆలోచనలు చేస్తారు. ఒకటి, 36 అంకణాల ప్లాట్లు కొట్టి అమ్మేయడం. రెండోది, అపార్ట్‌మెంట్ లేపడం. ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. రంగనాయకులపేటలో, మూలాపేటలో పాత వీధుల్లో తిరిగిన వాళ్లకి అదేమీ కొత్త కాదు. గోడకి గోడ ఆనుకుని, ముందు అరుగు, వెనక దొడ్డి, పైన సొంత మిద్దె ఉండే వరుస ఇళ్లు. ఇప్పుడు రో హౌస్ అనీ టౌన్‌హౌస్ అనీ అంటున్నారు, పేరు ఏదైతేనేం.

ముందు లెక్క చూడండి. మన దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు (తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, అక్కడి వాళ్లతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త). లేఅవుట్ వేస్తే రోడ్లకీ పార్కుకీ పోను మిగిలేది అరవై శాతం అనుకున్నా, 36 అంకణాల ప్లాట్లు పదే వస్తాయి. అదే ఎకరంలో పది అంకణాల వరుస ఇళ్లు ముప్పై పెట్టొచ్చు. ప్రతి ఇంటికీ సొంత గడప, సొంత మిద్దె. అపార్ట్‌మెంట్ కడితే అంతకన్నా ఎక్కువ ఫ్లాట్లు వస్తాయి, కాదనను, కానీ మనవాళ్లకి కాళ్ల కింద నేల, తల మీద ఆకాశం తమవి అనిపించకపోతే డబ్బు పెట్టాలనిపించదు.

ఈ ముప్పై ఇళ్లు ఊరి చివర చేలల్లో కడితే మాత్రం పని చేయవు. అక్కడ ప్రతి ఇంటికీ కారు కావాలి, ముప్పై కార్లు పెట్టేసరికి సందు కాస్తా పార్కింగ్ అయిపోతుంది. రైలు, ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో నడిచి అందుకునే దూరంలో ఉంటేనే ఇంత దగ్గరగా ఇళ్లు పెట్టడం నప్పుతుంది. నేను చాలా ప్లాన్లు గీశాను, కొన్ని చెడగొట్టాను కూడా. తప్పులు ఎక్కువగా ఇంటి ప్లాన్‌లో జరగవు, సందులో జరుగుతాయి. అందుకే ఇందులో ఇంటికి ముందు సందు వస్తుంది.

మొదటి పని: అడ్వాన్సు ఇచ్చే ముందు నడవండి

2017లో కేంద్రం తెచ్చిన జాతీయ టీఓడీ విధానం, అంటే రవాణా కేంద్రాల చుట్టూ ఊరిని దగ్గరగా పెంచే విధానం, స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల పరిధిని నడక దూరంగా తీసుకుంటుంది. పది పన్నెండు నిమిషాల నడక. బ్రోకర్లు దీన్ని గూగుల్ మ్యాపులో గీత గీసి చూపిస్తారు. ఆ గీత కాకికి పనికొస్తుంది, మనిషికి కాదు.

నెల్లూరుని రైలు పట్టాలు నిలువుగా రెండు ముక్కలు చేశాయి. ఊళ్లో నెల్లూరు, నెల్లూరు సౌత్, వేదాయపాళెం స్టేషన్లు, పెన్న దాటితే పడుగుపాడు. మీ స్థలం పట్టాలకి ఇవతల ఉందా అవతల ఉందా అన్నదే అసలు ప్రశ్న. అవతల ఉండి, అండర్‌బ్రిడ్జి కిందనుంచి రావాల్సి ఉంటే, మ్యాపులో 300 మీటర్లు కాస్తా నేల మీద కిలోమీటరు దాటుతుంది. పైగా వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి, ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆ స్థలానికి స్టేషన్ లేనట్టే.

మూడుసార్లు నడవండి. మే నెలలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఒకసారి. వీలైతే మీ అమ్మనో అత్తనో వెంట తీసుకెళ్లండి, వాళ్లు ఎక్కడ ఆగి ఆయాసం తీర్చుకుంటారో అక్కడ నీడ లేదని అర్థం. దారిలో ఎన్ని కుక్కలున్నాయి, ఎక్కడ లైటు లేదు, ఎక్కడ డ్రైనేజీ మీద బండ ఊగుతోంది, అన్నీ రాసుకోండి. ఆడపిల్ల రాత్రి రైలు దిగి ఒంటరిగా నడిచి రాలేని దారి అయితే మీ ప్రాజెక్టు స్టేషన్ దగ్గర ఉన్నట్టు కాదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మనది మెట్రో ఊరు కాదు, ఐదు నిమిషాలకో రైలు రాదు. చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లున్నారు, గూడూరుకీ కావలికీ నెల పాసు మీద తిరిగే ఉద్యోగులూ పిల్లలూ ఉన్నారు. కానీ రోజంతా మనిషిని మోసేది షేర్ ఆటో. కాబట్టి స్టేషన్ ఒక్కటే చూడొద్దు, షేర్ ఆటోలు ఆగే రోడ్డు రెండు మూడు నిమిషాల్లో ఉండాలి. రెండూ ఉంటేనే ముందుకు వెళ్లండి.

రెండో పని: కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నిబంధనలు మారుతూ ఉంటాయి, ఇవాళ్టివి మీ లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ (ప్లాన్ గీసి అనుమతికి పెట్టే లైసెన్సున్న ఇంజినీరు) దగ్గరే చూసుకోవాలి. ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం), 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో సర్వే నంబరు ఉందేమో, ఈ మూడూ మొదటి రోజే చూడాలి. స్థలం కార్పొరేషన్‌లోనా, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోనా, మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్, ముందున్న రోడ్డుని ఎంతకి వెడల్పు చేయాలని ప్లాన్‌లో ఉంది, ఇవి రెండో రోజు.

రైల్వే పక్కన కొనేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కడితే రైల్వే నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. హద్దు అంటే రైలు పట్టాలు కాదు, రైల్వే స్థలం చివర. ఎన్ఓసీకి నెలలు పడుతుంది, కాబట్టి ఆ 30 మీటర్లలో ఇళ్లు రాకుండానే ప్లాన్ గీసుకోవడం తెలివైన పని. ఇక స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. ముప్పై ఇళ్లు కాబట్టి మీకు తప్పదు. రెరా నంబరు రాకముందు ఫ్లెక్సీ కూడా కట్టొద్దు.

మూడో పని: నీళ్లు ఎటు పోతాయో తేల్చుకోండి

దీని మీద ఎక్కువసేపు కూర్చోండి. మన జిల్లాలో వాన జూన్‌లో కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అది కూడా వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ఏకబిగిన. 2015 నవంబర్ చూశాం, 2021 నవంబర్ చూశాం. 2021లో పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్లొచ్చి చెన్నై–విజయవాడ మార్గంలో రైళ్లే ఆగిపోయాయి.

ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. ఎకరం మీద పడే నీళ్లు నాలుగు లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే ఎనభై. ఎనభై ట్యాంకర్లు మీ సందులో ఒకేరోజు విప్పితే ఎలా ఉంటుందో ఊహించుకుని లెవెల్స్ తీయించండి. అందులో మూడో వంతు మిద్దెల మీద పడేదే, దాన్ని పైపుల్లో ఇంకుడు గుంతలకి మళ్లించొచ్చు. మిగతాది ఎటు పోవాలి?

రైలు కట్ట పక్కన స్థలానికి ఇక్కడే చిక్కు. ఆ కట్ట నీళ్లకి ఆనకట్టలా అడ్డం పడుతుంది. కట్ట కింద తూము ఎక్కడుందో, అది పూడిపోయి ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. ఆ చుట్టుపక్కల ముసలివాళ్లని అడగండి, "ఎన్నడైనా ఇక్కడ నీళ్లు నిలిచాయా?" అని కాదు, "ఎంతవరకు నిలిచాయి?" అని. మొదటి ప్రశ్నకి మొహమాటం కొద్దీ లేదంటారు, రెండోదానికి మోకాలు చూపిస్తారు.

పునాది ఎత్తు ముందున్న రోడ్డు మధ్యభాగం నుంచి కనీసం రెండున్నర అడుగులు పెట్టుకోండి. మన ఊళ్లలో పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు, వేసినప్పుడల్లా ఇల్లు ఆ మేరకు కిందికి దిగినట్టే. సందు వాలు 200 అడుగులకి ఒక అడుగు చాలు. సందు మధ్యలో ఉబ్బెత్తుగా, రెండు పక్కలా కాలువ. కాలువ మీద ఎత్తడానికి వీలైన బండలే వేయండి, సిమెంటుతో మూసేసిన కాలువని ఎవరూ ఎప్పుడూ శుభ్రం చేయరు.

నాలుగో పని: సందు గీయడం

ఇప్పుడు కాగితం తీసుకోండి. ఉదాహరణకి తూర్పు పడమరలు 130 అడుగులు, ఉత్తర దక్షిణాలు 335 అడుగులు ఉన్న స్థలం, ఉత్తరాన రోడ్డు. దాదాపు ఎకరం.

మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి 30 అడుగుల సందు గీయండి. దానికి రెండు పక్కలా 45 అడుగుల లోతున ఇళ్ల స్థలాలు. వాటి వెనక, ప్రహరీ గోడకి ఆనుకుని రెండు వైపులా ఐదేసి అడుగుల పనుల సందు. మొత్తం కూడితే 130 సరిపోయింది. ఒక్కో ఇంటి వెడల్పు 16 అడుగులు. 16 ఇంటూ 45 అంటే 720 చదరపు అడుగులు, పది అంకణాలు లెక్కకి సరిగ్గా. ఒంగోలు వాళ్లకి చెప్పాలంటే 80 గజాలు.

నిలువునా ఎలా పంచాలంటే, రోడ్డు వైపు 45 అడుగులు కార్లకి వదిలేయండి. తర్వాత వరుసకి ఎనిమిది ఇళ్లు, 128 అడుగులు. తర్వాత 20 అడుగుల ఖాళీ. మళ్లీ ఏడేసి ఇళ్లు, 112 అడుగులు. చివర 30 అడుగులు మొత్తం ఖాళీ. రెండు పక్కలా కలిపి ముప్పై ఇళ్లు.

ఎనిమిది దాటి ఒకే వరుసగా పెట్టొద్దని గట్టిగా చెప్తాను. చూడ్డానికి రైలు పెట్టెల్లా ఉంటుందనే కాదు, కాంక్రీటు కట్టడం 45 మీటర్లు దాటితే విస్తరణ జాయింటు (వేడికి సాగడానికి వదిలే చీలిక) పెట్టమని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. ఎనిమిది ఇళ్లంటే 39 మీటర్లు, ఆ బాధ లేదు. ఆ 20 అడుగుల ఖాళీలోంచి గాలి వస్తుంది, పిల్లలు అక్కడే ఆడతారు, వెనక సందులోకి మనుషులు వెళ్లే దారీ అదే. ఏడెనిమిది ఇళ్ల గుంపు అనేది మనుషులకి కూడా సరిపోయే సంఖ్య. నవీ ముంబై బేలాపూర్‌లో 1980లలో చార్లెస్ కొరియా డిజైన్ చేసిన కాలనీలో ఏడేసి ఇళ్లని ఎనిమిది మీటర్ల చదరపు ముంగిలి చుట్టూ పెట్టారు, అలాంటి మూడు గుంపులు కలిసి ఇంకాస్త పెద్ద ముంగిలి. ఏడు ఇళ్లయితే ఎవరి పిల్లాడు ఎవరో అందరికీ తెలుస్తుంది, ముప్పై అయితే తెలియదు.

30 అడుగుల సందులో మధ్య 18 అడుగులే బండి నడిచేంత గట్టి నేల. అటూ ఇటూ ఆరేసి అడుగుల్లో కాలువ, చెట్లు, కూర్చునే బల్ల. కానుగ, పొగడ పెట్టండి, నీడ చిక్కగా ఉంటుంది. మర్రి, రావి జాతులు మాత్రం వద్దు, వేళ్లు పునాదుల్లోకి పోతాయి.

కాగితం మీద గీసింది నమ్మొద్దు. స్థలంలోనే సున్నంతో సందు గీయండి, ఇంటి గుమ్మాలతో సహా. ఒక నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌కి వంద రూపాయలిచ్చి లోపలికి వచ్చి, చివర 30 అడుగుల ఖాళీలో తిప్పుకుని బయటికి వెళ్లమనండి. అతను తిప్పలేకపోతే ఫైరింజనూ తిప్పలేదు. తర్వాత ఆ సున్నపు గీతల మధ్య నిలబడి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ పెళ్లికి షామియానా వేస్తే మనిషి పక్కనుంచి నడవగలడా? ఎవరైనా పోతే పాడె ఈ గుమ్మంలోంచి తిప్పలు పడకుండా బయటికి వస్తుందా? రెండోది అడగడానికి మొహమాటపడతారు, కానీ కొనేవాళ్లలో పెద్దవాళ్లు మనసులో కొలుచుకునేది అదే.

ఐదో పని: కారుని గుమ్మం దగ్గరికి రానివ్వకండి

ఇక్కడే అందరూ నాతో గొడవ పడతారు. "కారు ఇంటి ముందు లేకపోతే ఎవరు కొంటారండీ?" అని.

ఒక కారు నిలబడటానికి రెండున్నర మీటర్లు ఇంటూ ఐదు మీటర్లు కావాలి. 135 చదరపు అడుగులు, దగ్గర దగ్గర రెండు అంకణాలు. తిప్పుకునే చోటు కలిపితే నాలుగు అంకణాలు. పది అంకణాల ఇంట్లో నాలుగు కారుకిస్తే మీరు కడుతున్నది ఇల్లా షెడ్డా? కింద స్టిల్ట్, అంటే స్తంభాల మీద ఖాళీ అంతస్తు, పెట్టి పైన ఇల్లు కడదామంటే, 16 అడుగుల వెడల్పులో కారు నోరు తొమ్మిది అడుగులు, మిగిలిన దాంట్లో మెట్లు. అరుగు లేదు, కిటికీ లేదు, సందులో ముప్పై రోలింగ్ షట్టర్లు. సాయంత్రం ఎవరూ బయట కూర్చోరు. పైగా కింద గోడలు లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు భూకంపానికి బలహీనం, దానికి డిజైన్ వేరేగా చేయించాలి, ఖర్చు వేరు.

అందుకే కార్లు రోడ్డు వైపు 45 అడుగుల్లోనే. అటూ ఇటూ కలిపి 16 నుంచి 18 కార్లు పడతాయి, పైన షెడ్డు వేసి దాని మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే సందు లైట్లకీ మోటారుకీ కరెంటు. ఇంటి ముందు పది అడుగుల ఖాళీలో రెండు బైకులు, అరుగు, ముగ్గుకి చోటు. సందు మొదట్లో తీసిపెట్టుకునే ఇనప స్తంభాలు నాటండి. గ్యాస్ బండి, సామాన్ల లారీ, అంబులెన్సు వస్తే తీస్తారు, మిగతా రోజుల్లో సందు మనుషులది.

ముప్పై ఇళ్లకి 18 కార్లు చాలవు అనేవాళ్లకి అమ్మకండి. నిజంగా. స్టేషన్ దగ్గర ఇల్లు కావాలి, రెండు కార్లూ కావాలి అనే మనిషి రేపు సందులో కారు పెట్టి అందరితో తగాదా పడతాడు. కారు స్లాటుని ఇంటి ధరలో కలపకుండా విడిగా ధర కట్టి అమ్మండి, ఎవరికి నిజంగా అవసరమో అప్పుడు తెలుస్తుంది. అనుమతికి పార్కింగ్‌ని కట్టే విస్తీర్ణంలో శాతంగా అడుగుతారు కాబట్టి, ఆ లెక్క ఈ 45 అడుగుల్లో తీరుతుందో లేదో ప్లాన్ ఖాయం కాకముందే వేయించుకోండి. తీరకపోతే రెండు ఇళ్లు తగ్గించుకోండి, సందుని మాత్రం ముట్టుకోవద్దు.

ఆరో పని: ఇప్పుడు ఇల్లు

45 అడుగుల లోతులో ముందు పది, వెనక ఐదు వదిలితే కట్టేది 30 అడుగులు. అంతస్తుకి 480, జీ ప్లస్ వన్, అంటే కింద ఒకటి పైన ఒకటి వేస్తే 960 చదరపు అడుగులు, చక్కటి డబుల్ బెడ్‌రూమ్.

ఈ 30 అడుగులు ఊరికే పెట్టింది కాదు. కిటికీ పై అంచు ఏడు అడుగుల ఎత్తులో ఉంటే వెలుతురు దానికి రెండింతలు, అంటే 14, 15 అడుగుల దాకా లోపలికి వస్తుంది. రెండు పక్కల గోడలూ మూసుకుపోయిన ఇంటికి ముందూ వెనకా మాత్రమే కిటికీలు. అటు 15, ఇటు 15, మధ్యలో కలుస్తాయి. 35, 40 అడుగులు లాగారంటే నడిమి గది పగలే చీకటి. పాత మండువా ఇళ్లలో మధ్యన ఆకాశం వదిలింది అందుకే. మనం ఆ పని మెట్లతో చేయిస్తాం. మెట్లు ఇంటి నడుమ, పక్క గోడకి ఆనించి పెట్టండి. పది అడుగుల ఎత్తుకి ఏడు అంగుళాల మెట్టు చొప్పున 17 మెట్లు, మధ్యలో మలుపు, మొత్తం ఆరున్నర ఇంటూ పది అడుగుల చోటు. ఆ మెట్ల పైన మిద్దె మీద చిన్న గది లేపి, దానికి అద్దమూ నాలుగు వైపులా రెక్కల వెంటిలేటర్లూ పెడితే పైనుంచి వెలుతురు దిగుతుంది, లోపలి వేడిగాలి పైకి పోతుంది. వర్షపు జల్లు పడకుండా దాని సజ్జ రెండడుగులు బయటికి రావాలి. నేను మొదటిసారి అడుగున్నర పెట్టాను, తుఫాను గాలికి మెట్లన్నీ తడిశాయి.

ముందు హాలు, మధ్యలో మెట్లూ బాత్రూమూ, వెనక వంటగది. పైన ముందొక పడకగది, వెనకొకటి. ఈ ప్లాన్‌లో లోపం ఏంటంటే కింద పడకగది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. కాబట్టి కింద బాత్రూమ్ పేరుకి పెట్టకండి, స్నానానికి స్టూలు వేసుకునేంత వెడల్పు, పట్టుకోవడానికి కడ్డీ, గడప లేని తలుపు ఉండాలి. హాల్లో ఒక పక్క మంచం పట్టేంత చోటుకి జరిపే తలుపు పెడితే రాత్రికి అదే గది.

వాస్తు సంగతి తేల్చకుండా ఇల్లు అమ్ముడుపోదు కదా. సందుని ఉత్తర దక్షిణాలుగా గీయమన్నది అందుకు కూడా. అప్పుడు సగం ఇళ్లు తూర్పు ముఖం, సగం పడమర ముఖం. సందు అడ్డంగా గీస్తే సగం ఇళ్లు దక్షిణం చూస్తాయి, వాటిని అమ్మేసరికి మీ జుట్టు నెరుస్తుంది. పడమర ముఖం ఇళ్లకి వెనకవైపు తూర్పు అవుతుంది, వంటగది వెనక ఆగ్నేయ మూలలో అచ్చంగా కుదురుతుంది. తూర్పు ముఖం వాటికి వెనక వాయవ్యంలో పెట్టండి, దానికీ వాస్తు వాళ్లు ఒప్పుకుంటారు. కొనేవాళ్లకి ఇది బొమ్మ గీసి చూపిస్తే పడమర ఇళ్లు కూడా కదులుతాయి.

ఎండ విషయంలో వరుస ఇళ్లు మేలు, ఎందుకంటే పెద్ద గోడలు రెండూ పక్కింటి నీడలో ఉంటాయి, ఎండకి దొరికేది 16 అడుగుల ముఖమే. పడమర ముఖానికి మూడు నాలుగడుగుల వరండా, పై అంతస్తుకి చిల్లుల జాలీ పెట్టండి, చెట్లు ముందు ఆ వరుస వైపే నాటండి. మధ్యాహ్నం తర్వాత తూర్పునుంచి సముద్రపు గాలి తిరుగుతుంది, అది ఇంట్లోంచి దూసుకుపోవాలంటే ముందు కిటికీ, వెనక కిటికీ ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో అల్మరా అడ్డం రాకూడదు.

రైలు మోత గురించి. పట్టాలు ఏ పక్కన ఉంటే ఆ వరుస ఇళ్ల వీపు అటు తిరగాలి. ఆ వైపు వంటగది, ఉతికే చోటు పెట్టి, పై వెనక పడకగదికి కిటికీ చిన్నది చేసి దళసరి అద్దం వేయించండి. ఆ వరుసే గోడలా నిలిచి సందుకీ అవతలి వరుసకీ మోత తగ్గిస్తుంది. గూడ్సు బండి అర్ధరాత్రి హారన్ కొడుతుందని కొనేవాళ్లకి ముందే చెప్పండి. ఒక రాత్రి వచ్చి వినమనండి, అలా వచ్చి విని కొన్నవాళ్లు తర్వాత ఫిర్యాదు చేయరు.

ఏడో పని: ఉమ్మడి గోడ

ఇది నాకు చెంపదెబ్బ తగిలిన పాఠం. నేను చూసిన మొదటి వరుస ఇళ్లలో, మూడో ఇంటాయన గృహప్రవేశం అయిన ఆర్నెల్లకి గీజరు మార్చుకుంటూ, ప్లంబరుతో ఉమ్మడి గోడని గాడి తీయించి పైపు దించాడు. తొమ్మిది అంగుళాల గోడలో గాడి నాలుగంగుళాలు. పైపు జాయింటు కారింది. ఆయన ఇంట్లో టైల్స్ ఉన్నాయి కాబట్టి ఏమీ కనిపించలేదు. నాలుగో ఇంట్లో దేవుడి గది ఆ గోడకే ఉంది. ముందు చిన్న మరక, తర్వాత సున్నం పొంగి క్యాలెండర్ వెనక బూజు, ఆ తర్వాత పటం మేకు ఊడి కిందపడింది. అపశకునం అని ఆ ఇంటావిడ ఏడ్చింది. పైపు దొరికేసరికి రెండు నెలలు, రెండు ఇళ్లూ మాట్లాడుకోవడం మానేసి మూడేళ్లు.

అప్పట్నుంచి నా నియమం ఒకటే. ఉమ్మడి గోడలో నీళ్ల పైపూ వద్దు, డ్రైన్ పైపూ వద్దు. బాత్రూమ్ మెట్ల పక్కన నడుమకి జరిపి, దానికో చిన్న పైపుల గూడు కట్టి, తలుపు పెట్టండి. కరెంటు బాక్సులు రెండిళ్లకీ వీపు వీపు తగిలేలా పెట్టొద్దు, మాటలు అటునుంచి ఇటు వినబడతాయి, కనీసం రెండడుగులు జరపండి. గోడ తొమ్మిది అంగుళాల ఇటుక, రెండు వైపులా దట్టంగా ప్లాస్టరింగు, స్లాబు దాకా సందు లేకుండా. మిద్దె మీద మధ్య పిట్టగోడ కనీసం ఐదడుగులు లేపండి, వడియాలు ఎండబెట్టుకునే చోట పక్కింటివాళ్లు తొంగిచూస్తుంటే ఎవరికీ బాగుండదు.

రెండిళ్లకీ ఒకే స్తంభాలు వేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ రేపు ఒకరు పడగొట్టి కట్టుకోవాలన్నా, పైన ఇంకో అంతస్తు వేయాలన్నా పక్కవాళ్ల మీద ఆధారపడాలి. కాబట్టి ఉమ్మడి స్తంభాలు వేస్తే మార్పులకి పక్కింటి రాతపూర్వక ఒప్పుదల కావాలని సేల్ డీడ్‌లోనే రాయించండి. పునాది మాత్రం సాయిల్ టెస్ట్ చేయించకుండా మేస్త్రి మాట మీద వేయొద్దు. బంకమట్టి, నల్లరేగడి ఉన్నచోట ఒక ఇల్లు కుంగితే వరుస మొత్తం పగుళ్లిస్తుంది.

ఎనిమిదో పని: కనపడనివి

ముప్పై ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్కేస్తే 16 వేల లీటర్ల పైచిలుకు. రెండు రోజులకి సరిపడా సంపు 33 వేల లీటర్లు, చివరి ఖాళీ స్థలం కింద, పైన బండి ఎక్కినా తట్టుకునే స్లాబుతో. మీటర్లు ఇంటింటికీ విడిగా పెట్టండి, నీళ్లకి కూడా. భూగర్భ డ్రైనేజీ లైను మీ రోడ్డులో నిజంగా పని చేస్తోందా, పైపులు వేసి వదిలేశారా చూసుకోండి, పని చేయకపోతే సెప్టిక్ ట్యాంకుకి చోటు ముందే తీయాలి, దాని లారీ అక్కడిదాకా రాగలగాలి. ట్రాన్స్‌ఫార్మర్, చెత్త డబ్బాలు రోడ్డు వైపు పార్కింగ్ మూలకి. వెనక ఐదడుగుల సందులో పైపులన్నీ. దానికి రెండు చివర్లా తాళం గేట్లు పెట్టి, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచండి, లేకపోతే ఏడాదిలో అందరూ తలా కాస్తా ఆక్రమించి ఉతికే గదులు కట్టేస్తారు.

అసోసియేషన్ నియమాలు అమ్మకాలు మొదలుకాకముందే రాయండి. ముందు పది అడుగులకి గ్రిల్ బిగించి గదిగా మార్చకూడదు, సందులో కారు రాత్రి నిలపకూడదు, ఉమ్మడి గోడ ముట్టుకోకూడదు. ఈ మూడూ అగ్రిమెంటులో ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు. మొదటి గ్రిల్ బిగించిన వాడిని ఆపకపోతే ముప్పయ్యోవాడిని ఎవరూ ఆపలేరు.

ఇళ్లు అప్పజెప్పే తేదీ కుదిరితే డిసెంబర్ తర్వాత పెట్టుకోండి. నవంబర్‌లో మొదటి పెద్ద వాన పడగానే గొడుగేసుకుని, ఒక పెయింటు డబ్బా పట్టుకుని సందంతా తిరగండి. నీళ్లు ఆగిన ప్రతిచోటా చుట్టూ గీత గీయండి. కాంట్రాక్టర్‌కి ఆఖరి బిల్లు ఇచ్చేలోపు ఆ గీతల్లోని పేవర్ బండలన్నీ ఎత్తించి, లెవెల్ సరిచేయించి, మళ్లీ వేయించండి.